అల్పపోషణ ప్రాణి

రాజమండ్రిలో ఉన్న పంటుల, రేవుల మండలి కార్యాలయంలో ఉద్యోగులు కొద్దిమంది. పనిచేసేవాళ్ళు అంతకన్నా కొద్దిమంది. ఆ రెండో జాబితాలో గంటి హైమవతిది మొదటి పేరు. రెండో పేరు ఎవరిదన్నది ఇంతవరకూ తేలలేదు.

గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామాలకు జనాన్ని దాటించే పంటులు నడిపించడం, రేవులు బాగుచేయించడం మండలి బాధ్యత. ఏ లంకలోనైనా పంటుకి చిల్లు పడితే ఆ అర్జీ హైమవతి దగ్గరికి వచ్చేది. రేవు మెట్లు వరదకి కొట్టుకుపోతే ఆ ఫైలూ ఆమెదే. పంటులు నడిపే సరంగులు సెలవు అడిగినా, ఆఫీసులో ఎవరైనా రిటైరైనా ఆమే చూడాలి. నిజానికి అవి నాలుగు సీట్ల పనులు. తక్కిన మూడు సీట్లలో ఒకాయన రిటైరయ్యాడు, ఒకాయన డెప్యుటేషన్ మీద వెళ్ళి దారి మరిచిపోయాడు. మూడో ఆయన ఉన్నాడనే చాలాకాలం అందరూ అనుకున్నారు. ఒకరోజు కుర్చీ విరిగితే బాగుచేయించడానికి చూశారు. అందులో ఎవరూ లేరు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం హైమవతి పంటు మరమ్మతు ఫైలు మీద తల వాల్చి స్పృహ తప్పింది. అటెండరు నూకరాజు మొహాన నీళ్ళు కొట్టాడు. డాక్టరు బీపీ చూసి, "మీరు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆయన సగంలోనే చాలన్నాడు.

కోలుకుని వచ్చాక ఆమె ఒక అర్జీ రాసింది. అందులో ఒకటే మాట: ఖాళీగా ఉన్న మూడు సీట్లూ నింపండి.

మండలి మేనేజింగ్ డైరెక్టరు పసుమర్తి నీలకంఠం అప్పుడే విదేశీ శిక్షణ ముగించుకుని వచ్చాడు. అక్కడ ఆఫీసులకు కుక్కల్ని వెంటబెట్టుకుని వస్తారనీ, అందుకే అక్కడివాళ్ళ మొహాలు ప్రసన్నంగా ఉంటాయనీ ఆయన కనిపెట్టాడు. హైమవతిని తన గదికి పిలిపించాడు.

"మీ అర్జీ చదివి కదిలిపోయానండీ హైమవతి గారూ. మీ సమస్యకి మూలమేంటో నాకు దొరికింది."

"మూడు సీట్లు ఖాళీ అండి."

"అది లక్షణం అమ్మా, రోగం కాదు. మీ ఇంట్లో పెంపుడు జంతువు ఏమన్నా ఉందా?"

"లేదండి. నేను ఇల్లు చేరేసరికి ఏ వేళవుద్దో నాకే తెలీదండి. కుక్కని పెంచితే నన్ను చూసి దొంగనుకుంటాదండి."

"చూశారా!" అని ఆయన బల్ల చరిచాడు. "పెంపుడు ప్రాణి లేదు, కాబట్టి మనోభారం. మనోభారం ఉంది, కాబట్టి అర్జీ. మనం మూలాన్ని కొడదాం."

మరునాడే ఉత్తర్వు వచ్చింది. 'ఉద్యోగుల మనోభారమును నివారించు నిమిత్తము, మండలిలోని ప్రతి ఉద్యోగియు ఒక సహచర జీవిని విధిగా పోషించి, తద్వారా ఉల్లాసము పొందవలెను. ఉల్లాసము పొందని వారిపై క్రమశిక్షణా చర్య తీసుకొనబడును.'

ఉద్యోగులు గగ్గోలు పెట్టారు. ఎవరికి తీరిక? అందరికీ ఇల్లుంది, సంసారముంది, ఆఫీసు వేళలో చక్కబెట్టుకోవలసిన సొంత పనులున్నాయి. నీలకంఠం వాళ్ళ మొర ఆలకించాడు. తీరికలేని జీవితాలకు తగిన ప్రాణిని, అంటే అతి తక్కువ పోషణతో గడిచిపోయే ప్రాణిని ఎంపిక చేయడానికి ఒక సంఘం వేశాడు. దాని పేరు 'అల్పపోషణ సహచర జీవి ఎంపిక సంఘం'. కన్వీనరు గంటి హైమవతి. ఫిర్యాదు చేసింది ఆవిడే కదా, పరిష్కారం కూడా ఆవిడే చూసుకోవాలని ఆయన ఉద్దేశం.

సంఘం మొదటి సమావేశానికి నీలకంఠం అధ్యక్షుడు. పక్కన పరిపాలనాధికారి ఓలేటి సదాశివం కూర్చున్నాడు. ఆయన ఆఫీసు మాటంటే గ్రాంథికంలోనే ఆడతాడు. ఎదురుగా చీఫ్ ఇంజనీరు జీడిపప్పు ప్లేటును దగ్గరికి లాక్కున్నాడు. హైమవతి ఒడిలో పంటు ఫైలు పెట్టుకుని, దొరికినప్పుడల్లా ఒక పేజీ రాసుకుంటోంది.

ముందు కుక్క ప్రస్తావన వచ్చింది.

"శునకము విశ్వాసము గల ప్రాణి," అన్నాడు సదాశివం. "విశ్వాసము చూపునది విశ్వాసమును తిరిగి ఆశించును. అది మన కార్యాలయ సంప్రదాయమునకు విరుద్ధము."

కుక్క పోయింది. పిల్లి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు లేచిపోతుంది, దాన్ని చూసి కింది ఉద్యోగులు చెడిపోతారని పిల్లినీ తీసేశారు. చిలక ఆఫీసులో విన్నది బయట చెబుతుంది. చేపలకి తొట్టి కట్టాలి. తొట్టి తన విభాగమే కట్టాల్సి వస్తుంది గనుక అది కారడం ఖాయమని చీఫ్ ఇంజనీరు నిజాయితీగా ఒప్పుకున్నాడు. తాబేలు అందరికీ నచ్చింది. కానీ తాబేలుని ఆఫీసులో చూస్తే పనిమీద వచ్చిన జనం పోలికలు తీస్తారని నీలకంఠం భయపడ్డాడు.

పొద్దు వాలుతోంది. హైమవతికి ఓపిక నశించింది. ఆమె కలం మూసి, గోడకేసి చూపించింది.

"ఆ ట్యూబులైటు వెనకాల బల్లుంది చూడండి సార్. తిండి మనం పెట్టక్కర్లేదు. తిప్పక్కర్లేదు. మొరగదు. జబ్బు చేస్తే మనకి తెలీదు. చస్తే ఎండిపోద్ది, చీపురుతో ఊడ్చేసుకోవచ్చు. ఇంతకంటే తక్కువ పోషణతో గడిచిపోయే ప్రాణి కావాలంటే, ఈ ఆఫీసులో నేనొకదాన్నే ఉన్నానండి."

సరిగ్గా అప్పుడే ట్యూబులైటు వెనకనుంచి బల్లి చిట్‌చిట్‌మని పలికింది.

"సత్యము!" అని సదాశివం వేలితో బల్ల మీద మూడుసార్లు తట్టాడు. "శకునము కూడ అనుకూలించినది."

నీలకంఠం కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ మన గోడ మీదే ఉందండీ! మనమే గుర్తించలేదు!"

హైమవతి తన మాట వెనక్కి తీసుకోబోయింది. అప్పటికే తీర్మానం ఏకగ్రీవమైపోయింది. ఎగతాళిని ఎగతాళిగా పట్టుకోవాలంటే మనిషికి ఒక అర్హత కావాలి. మండలి నియామక నిబంధనల్లో ఆ అర్హత ఎక్కడా రాసిలేదు.

*

బల్లుల కేటాయింపు మొదలైంది. అంతకుముందే ఆఫీసుకి సున్నాలు వేయించడంతో బల్లులు కరువయ్యాయి. ఉన్నవాటిలో బలిసినవి పెద్ద అధికారుల పేర రాశారు. గుమాస్తాలకు పిల్ల బల్లులు దక్కాయి. సీనియారిటీ ప్రకారం బల్లులివ్వాలని ఉద్యోగుల సంఘం వరండాలో బైఠాయించింది. రికార్డు గదిలో బీరువా వెనకాల సగం తోకతో ఒక బల్లి తిరుగుతుండేది. దాన్ని అందరూ వద్దన్నారు. అది హైమవతికి వచ్చింది.

ప్రతి బల్లికీ పేరు పెట్టాలన్నారు. హైమవతి 'బల్లి' అని రాసింది. 'అది జాతి నామము, వ్యక్తి నామము కాదు' అని సదాశివం తిప్పి పంపాడు. ఆమె 'బల్లమ్మ' అని దిద్దింది. 'స్త్రీ అనుటకు ఆధారమేమి?' అని మళ్ళీ తిప్పి పంపాడు. 'మాట్లాడకుండా పనిచేసుకుపోతోంది' అని రాసి పంపింది. ఈసారి ఆమోదించాడు.

ఎవరి బల్లి ఏదో తెలియడానికి తోకల మీద రంగు చుక్కలు పెట్టమన్నారు. చుక్క పెట్టబోతే బల్లులు తోకలు వదిలేసి పరుగెత్తాయి. సాయంత్రానికల్లా ఆఫీసంతా తోకలు గిలగిల కొట్టుకుంటున్నాయి. తోక పోయిన ప్రతి బల్లికీ దాని ఉద్యోగికి ఒక మెమో వెళ్ళింది: 'మీ సంరక్షణయందున్న జీవి తోకను విడిచిన పరిస్థితులను వివరింపుడు.' టైపిస్టు ఒకడు, 'తోక దానిదే గనుక అదే విడిచినది' అని జవాబిచ్చి ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాడు.

తర్వాత తిండి సమస్య. బల్లి తన తిండి తాను వెతుక్కుంటుందన్నది నిజమే. కానీ వెతుక్కోవడానికి పురుగులుండాలి కదా! కాబట్టి కిటికీ తెరలు తీసేశారు. పెరట్లో మురుగు కదలకుండా కట్ట వేశారు. దోమల మందు కొట్టడానికి వచ్చిన మునిసిపాలిటీవాళ్ళను 'ఆహార భద్రతకు భంగము' అంటూ గేటు దగ్గరే ఆపేశారు. వారం తిరక్కుండానే నూకరాజు చలిజ్వరంతో వణికిపోతూ రికార్డు గదిలో కూలబడ్డాడు.

"ఇంటికెళ్ళి పడుకో నూకరాజూ," అంది హైమవతి.

"బల్లి కడుపు నిండాలంటే దోమ ఉండాలండి. దోమ కడుపు నిండాలంటే నేనుండాలంట," అన్నాడు నూకరాజు పళ్ళు టకటకలాడిస్తూ. "మొత్తానికి ఈ మండలిని నేనే మేపుతున్నానండి, ఆయ్."

ఇంతలో నీలకంఠం నడినెత్తిన ఒక బల్లి పడింది. ఆయన విదేశాల్లో శిక్షణ పొందినవాడే. అయినా నెత్తి స్వదేశీదే గనుక గడగడలాడిపోయాడు. సదాశివం పంచాంగం తెప్పించి చూసి, అందులో ఉన్నది పైకి చెప్పడానికి జంకాడు. అధికారుల కుర్చీలకు పైనున్న కప్పు భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటిస్తూ ఆ సాయంత్రమే సర్క్యులరు వచ్చింది. ఇకమీదట బల్లులు పడదలిస్తే కుడి భుజం వంటి శుభస్థానాల మీదనే పడాలి. అలా పడేటట్టు చూసే బాధ్యత వాటి వాటి ఉద్యోగులది. సర్క్యులరు బల్లులకు తెలియదేమోనన్న అనుమానంతో నీలకంఠం గదిలో మాత్రం నెమలి ఈకలూ, కోడిగుడ్డు పెంకులూ వేలాడదీశారు. అవి చూస్తే బల్లులు రావని ఆయన అత్తగారు చెప్పిందట.

ఆఖరికి రోజూ మధ్యాహ్నం 'ఆత్మీయ సాన్నిహిత్య సమయం' పెట్టారు. ఆ వేళలో ఉద్యోగులంతా కుర్చీలు తిప్పుకుని తమ తమ బల్లులకేసి ప్రేమగా చూడాలి. ఒకనాడు సరిగ్గా అప్పుడే సరంగు ఏసుపాదం వచ్చాడు. లంక రేవులో పంటు నడిపేది అతనే. అతని పంటు మరమ్మతు ఫైలే హైమవతి నెలల తరబడి మోస్తున్నది.

ఏసుపాదం గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూశాడు. అందరూ గోడకేసి తిరిగి మౌనంగా కూర్చునుండటం చూసి కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరన్నా పోయారా అమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"ఎవరూ పోలేదు. నువ్వు చెప్పు ఏసుపాదం," అంటూ హైమవతి ఫైలు తీసింది.

"చిల్లు పెద్దదైపోయిందమ్మా. డబ్బాలతో నీళ్ళు తోడుకుంటా నడిపేత్తన్నాను. రేపు వరదొచ్చిందంటే పిల్లల్ని బడికి దాటించలేనమ్మా."

సదాశివం తన బల్లి మీదనుంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తాడు. "హైమవతి గారూ! ఇది సాన్నిహిత్య సమయము."

"పంటులోకి నీళ్ళొచ్చేత్తన్నాయండి బాబూ!" అన్నాడు ఏసుపాదం.

"వాటిని కూడ కొంచెము ఆగుమని చెప్పవయ్యా," అన్నాడు సదాశివం.

హైమవతి లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ ఒక్క సంతకం కోసం ఎంత బతిమాలాలో అంతా బతిమాలింది. బల్లుల పని తెమిలాక మిగతా ఫైళ్ళు చూస్తామన్నాడాయన. ఆ సాయంత్రమే ఆమెకు ఇంకో వార్త తెలిసింది. బల్లుల పని పెరిగిపోయినందున 'సహచర జీవి సంరక్షణ విభాగం' ఏర్పాటైంది. దానికి ముగ్గురు సిబ్బందిని ఇచ్చారు. ఆ మూడు పోస్టులూ కొత్తవి కావు. ఆమె నింపమని అర్జీ పెట్టుకున్న మూడు ఖాళీ సీట్లనూ రద్దుచేసి వాటినే బల్లులకు బదలాయించారు.

ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త సత్తువ కావాలి. బ్యాగు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

*

విశాఖపట్నం నుంచి ఫోను వచ్చింది ఆ వారంలోనే. హైమవతి అక్క రత్నమాలకు గుండె కవాటం చెడిపోయింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. తల్లి పోయినప్పుడు హైమవతి ఇంకా జడలు వేసుకోవడం రాని పిల్ల. అప్పటినుంచీ రత్నమాలే ఆమెకు జడలు వేసింది, అన్నం పెట్టింది, పరీక్షల ముందు లేపి కూర్చోబెట్టింది. బావ పోయాడు, పిల్లల్లేరు. ఆపరేషన్ గది ముందు కూర్చోవడానికి హైమవతి తప్ప ఆవిడకు ఎవరూ లేరు.

హైమవతి సెలవు చీటీ పట్టుకుని సదాశివం దగ్గరికి వెళ్ళింది.

"మీ అక్కగారి పరిస్థితి విచారకరము," అన్నాడాయన. "అయితే మీ బల్లమ్మను ఎవరు చూచుకొందురు?"

"అది బల్లండి!"

"నిబంధన ప్రకారము సహచర జీవిని ఒంటరిగా విడువరాదు. ప్రత్యామ్నాయ సంరక్షకుని పేరు చెప్పుడు."

"అసలు దాన్ని ఎంచుకున్నదే పోషణ అక్కర్లేదని కదండీ! ఆ సంఘానికి కన్వీనర్ని నేనే. మీరే కదా సత్యమని బల్ల కొట్టారు?"

సదాశివం చిన్నగా నవ్వాడు. పాపం, చదువురాని వాళ్ళను చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "అల్పపోషణ అనగా అల్పము అమ్మా. శూన్యము కాదు. అల్పమును ఎవరో ఒకరు చేయవలెను కదా! సంరక్షణ విభాగమువారు ఉన్నారు గానీ, వారు పర్యవేక్షించువారు. చేయువారు కారు."

"మా అక్క గుండెకి ఆపరేషనండి."

"మీ అక్కగారు ఈ కార్యాలయమున నమోదు కాలేదు. బల్లి నమోదైనది."

హైమవతి ఆయన మొహంలోకి కాసేపు చూసింది. అక్కడ ఎవరూ కనబడలేదు. సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి, పైన పేపర్‌వెయిట్ పెట్టి, బయటికి వచ్చి ఆటో ఎక్కింది. స్టేషన్లో దొరికిన మొదటి రైలెక్కి, జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి విశాఖపట్నం చేరింది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆమె ఇనప కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తూనే ఉంది. అక్కడ చూడమని ఎవరూ ఉత్తర్వు వెయ్యలేదు. డాక్టరు బయటికొచ్చి, "గండం గడిచింది" అన్నాక మాత్రం రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. అక్కకి తెలివొచ్చాక మొదట పలికిన మాట, "ఏమన్నా తిన్నావా?" అని.

ఆ సాయంత్రమే ఛార్జిమెమో ఫోనుకి వచ్చింది. 'నోరు లేని ఒక జీవిని నిర్దాక్షిణ్యముగా పరిత్యజించి, సొంత బంధువుల ఆరోగ్యమను స్వార్థ కారణమున ప్రధాన కార్యస్థానమును విడిచినందుకు' విచారణ జరపబడునట.

*

అక్కను గదిలోకి మార్చాక, నర్సుకి అప్పగించి హైమవతి విచారణకు వచ్చింది.

ఈ మధ్యలో ఆఫీసులో పెద్ద విషాదం జరిగిపోయింది. సంరక్షణ విభాగంవారు ఊరుకోలేదు. బల్లులు బలహీనంగా ఉన్నాయని నివేదిక రాసి, వాటికి ఉడికించిన గుడ్డూ, పాలల్లో నానేసిన బిస్కెట్లూ పెట్టించారు. శుభ్రత కోసం గోరువెచ్చని నీళ్ళతో స్నానాలు చేయించారు. సాన్నిహిత్యం చాలలేదని అరచేతుల్లోకి తీసుకుని నిమరమన్నారు. ఒక్కొక్కటే గోడల మీదనుంచి రాలిపోయింది. బతికినవి కిటికీలోంచి దూకి పారిపోయాయి. సదాశివం బల్లి, ఆయన దానికి శ్రీనిధి అని పేరు పెట్టుకున్నాడు, ఆయన స్వయంగా పట్టిన ఆముదం తాగి ప్రాణం విడిచింది. ఆఫీసు మొత్తం మీద బతికి ఉన్నది బల్లమ్మ ఒక్కటే. యజమానురాలి మీద విచారణ నడుస్తోంది గనుక, తేలేదాకా దాని జోలికి ఎవరూ వెళ్ళకూడదని విభాగంవారు రికార్డు గదికి తాళం వేసి పెట్టారు.

విచారణాధికారి రిటైరైన పెద్దమనిషి. తాళం తీయించి, టార్చిలైటు వేసి చూశాడు. బల్లమ్మ నిగనిగలాడుతోంది. తోక కూడా మొలుస్తోంది. బీరువా వెనకాల తెల్లగా రెండు గుడ్లున్నాయి.

"మీరు దీనికి ఏం పెట్టేవారండీ?" అని అడిగాడాయన.

"ఏమీ పెట్టలేదండి."

"స్నానం?"

"లేదండి."

"మరి ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి. నాకెక్కడ తీరిక?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అద్భుతం," అన్నాడు.

మర్నాడే అభియోగాలు కొట్టేశారు. అంతటితో వదిలారా అంటే లేదు. సభ పెట్టారు. నీలకంఠం స్వయంగా హైమవతికి శాలువా కప్పి మైకు ముందు నిలబడ్డాడు. "మన మండలికి ఒక కొత్త శాస్త్రం దొరికింది. దానికి నిష్క్రియా పోషణ విధానం అని పేరు పెడుతున్నాం. ఇకనుంచి మన ఉద్యోగులందరూ హైమవతి గారి దగ్గర శిక్షణ పొందుతారు. తాము చెయ్యని పనుల గురించి ప్రతి ఉద్యోగీ రోజూ మూడు ప్రతుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలన్నీ పరిశీలించడానికి హైమవతి గారినే ప్రత్యేకాధికారిగా నియమిస్తున్నాం!"

చప్పట్లు మోగాయి. చెయ్యని పనుల విషయంలో మండలివారికి ఉన్న అనుభవం సామాన్యమైంది కాదు. అందరూ ఆత్మవిశ్వాసంతో కనబడ్డారు.

హైమవతి శాలువా మడిచి బల్ల మీద పెట్టింది. "సార్, నా నాలుగు సీట్ల పనీ?"

"దానితో పాటేనమ్మా, ఇదీ."

"ఏసుపాదం పంటు ఫైలు సంతకానికి పెట్టానండి. వరదలొచ్చేస్తున్నాయి."

నీలకంఠం బల్ల మీదున్న ఆ ఫైలుకేసి మురిపెంగా చూశాడు. అది ఇటుక మందాన ఉంది. "దాన్ని కూడా ఎవరూ ముట్టుకోలేదు కదండీ. ఎంత ఆరోగ్యంగా పెరిగిందో చూడండి!"

ఆ మాట విన్నప్పుడు హైమవతికి లోపల ఏదో తాడు తెగినట్టయింది. తెగాక చాలా తేలికగా అనిపించింది. నిదానంగా తన సీటుకి వచ్చి, తెల్లకాగితం తీసుకుని స్వచ్ఛంద పదవీ విరమణకు అర్జీ రాసింది. సదాశివం చేతికిచ్చింది.

ఆయన చదివి తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "విరమణ అర్జీలు పరిశీలించు సీటు మీదే కదమ్మా. మీరు విరమించినచో మీ అర్జీని పరిశీలించువారెవరు? పరిశీలించనిదే మీరు విరమించుటెట్లు?"

"అయితే నేనే పరిశీలించుకోవాలా?"

"పరిశీలించి, పెద్దలకు సమర్పింపుడు. వారికి ఇప్పుడు తీరిక లేదు. బల్లులకు సంబంధించినవి తప్ప తక్కిన ఫైళ్ళు వచ్చే ఏడు చూచెదరు."

హైమవతి సరేనంది. కుర్చీ లాక్కుని, ఇన్నేళ్ళ సర్వీసులో తాను ఎన్నడూ రాయని భాషలో రెండు నోట్లు రాసింది. మొదటిదాని మీద విషయం అన్నచోట ఇలా ఉంది: 'నిష్క్రియా పోషణ విధానమును సంపూర్ణముగా అమలుపరచు నిమిత్తము, సహచర జీవి పరిసరముల నుండి మానవ సంరక్షకురాలిని శాశ్వతముగా ఉపసంహరించుట గురించి.' రెండోదాని మీద: 'సహచర జీవులను లంకలకు విస్తరింపజేయు నిమిత్తము, తత్సంబంధ జలవాహనమునకు అత్యవసర మరమ్మతుల గురించి.' ఒకదాని కింద తన విరమణ అర్జీ పెట్టింది. రెండోదాని కింద పంటు ఫైలు. పైన ఎర్ర చీటీ అంటించి, 'బల్లి విషయము, అతి జరూరు' అని రాసింది.

నూకరాజు ఆ రెండూ చంకన పెట్టుకుని వెళ్ళాడు. జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు గానీ, చదివి అర్థం చేసుకున్నాక నడకలో ఊపొచ్చింది. నీలకంఠం పైమాట మాత్రం చూసి, "ఇలాంటి ఆలోచనలు కావాలి మనకి," అంటూ రెండింటి మీదా సంతకాలు చేశాడు. సదాశివం ముద్ర వేశాడు. భోజనాల వేళ కాకముందే ఫైళ్ళు తిరిగొచ్చాయి. మండలి పుట్టాక అంత వేగంగా ఏ కాగితమూ కదలలేదు.

పంటు మరమ్మతు ఉత్తర్వు హైమవతి తన చేత్తోనే వర్క్‌షాపులో ఇచ్చి, ఏసుపాదానికి ఫోను చేసి చెప్పింది. అతను నమ్మలేదు. "నిజంగానా అమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి ఫోనులోనే దండం పెడుతున్నానన్నాడు. తర్వాత ఆమె తన విరమణ ఉత్తర్వు మడిచి బ్యాగులో పెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది.

రత్నమాల దిండ్లకి ఆనుకుని కూర్చుని బత్తాయి తొనలు వలుచుకుంటోంది. చెల్లెలు వచ్చిందని తెలిసి మొహం విప్పారింది. వెంటనే బెంగ కూడా పడింది.

"ఇన్నిసార్లు సెలవు పెడితే ఊరుకుంటారటే? ఉద్యోగం ఏమవుద్ది?"

"మానేశానక్కా."

"అయ్యో! మరి నాలుగు సీట్లూ నేనే చూస్తున్నానన్నావు కదే. నీ పనంతా ఇప్పుడు ఎవరు చూస్తారే?"

"బల్లి ఉందిగా," అంది హైమవతి.

రత్నమాలకు మొదట అర్థం కాలేదు. మంచం అంచున కూర్చుని హైమవతి మొదటినుంచీ చెప్పుకొచ్చింది. శ్రీనిధికి ఆముదం పట్టిన దగ్గరికి వచ్చేసరికి రత్నమాల కడుపు పట్టుకోబోయి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఆపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది! కుట్లు లాగేస్తున్నాయి!"

అయినా ఆపనివ్వలేదు. "ఊఁ, అప్పుడేమైంది?" అంటూ ఒక తొన చెల్లెలి నోట్లో పెట్టింది.